చక్రం తిరగని గంటలు

ఫిబ్రవరి మూడో వారం, మంగళవారం పొద్దున పదకొండు గంటలకు, లరీసా బోయ్‌చుక్ నడుపుతున్న పికప్ ట్రక్కు ఆ రోజుకు రెండోసారి హుకుం జారీ చేసింది. 'ఫిల్టర్ శుభ్రమవుతోంది. నడుపుతూ ఉండండి.' ఎక్కడికి నడపమని దాని ఉద్దేశం? ఆమె వెళ్లాల్సిన ఇల్లు ఇంకో మూడు కిలోమీటర్లే ఉంది. ఆ ఇంటి కొట్టంలో ఒక ఆవు తెల్లవారినప్పటి నుంచి నొప్పులు పడుతోంది. ఫిల్టర్ శుభ్రం కావాలంటే మంచి వేగంతో ఇరవై ఐదు నిమిషాలు నడపాలి. ఆవుకు అంత ఓపిక లేదు. లరీసా పళ్లు కొరుక్కుంటూ రైతు వాకిట్లోకి తిప్పి, ఇంజిన్ కట్టేసింది. శుభ్రం సగంలో ఆగిపోయింది. నిన్నా అంతే, మొన్నా అంతే.

ఆ ఫిల్టర్ సంగతి ఈ శీతాకాలం దాకా ఆమెకు పట్టనే లేదు. పొగ గొట్టంలో కూర్చుని డీజిల్ మసిని పట్టి ఉంచే జల్లెడ అది. నిండినప్పుడల్లా ఇంజిన్ తనంతట తనే కాస్త ఎక్కువ డీజిల్ పోసి, గొట్టాన్ని ఎర్రగా కాల్చి, ఆ మసిని బూడిద చేస్తుంది. వేసవిలో ఈ బండి కొన్న కొత్తలో ఆరు వందల కిలోమీటర్లకు ఒకసారి జరిగేది. మనిషికి తెలిసేది కూడా కాదు. ఇప్పుడు వందకు ఒకసారి. తాగే డీజిల్ చూస్తే బండి కింద ఎక్కడో చిల్లి పడిందేమోనని అనుమానం వచ్చేంత.

లరీసాకు నలభై మూడేళ్లు. వెస్నా ఊరి చుట్టూ తొంభై కిలోమీటర్ల మేర పశువుల డాక్టరు ఆమె ఒక్కతే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆవులు ఈనే కాలం. ఆ మూడు నెలల్లో నిలిచిన దూడలే అక్కడి రైతులకు ఏడాది బతుకు. డాక్టరు అరగంట ముందొస్తే దూడ, అరగంట ఆలస్యమైతే గొయ్యి. అది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు వారాల క్రితమే కళ్లారా చూసింది.

ఆ రోజు నెస్టర్ హ్లుష్కో ఇంటికి బయల్దేరింది. నెస్టర్‌కు డెబ్బై రెండేళ్లు. ఆమె నాన్నకు స్నేహితుడు. చిన్నప్పటి నుంచి అతన్ని వుయ్కో అని పిలుస్తుంది, మామ వరస. తొలిచూలు పెయ్య, దూడ తల అడ్డం తిరిగింది. సగం దారిలో ఫిల్టర్ పూర్తిగా బిగదీసుకుపోయి, బండి తన ప్రాణం కాపాడుకోవడానికి బలం తగ్గించేసుకుంది. ఎంత తొక్కినా నలభై దాటలేదు. ఇరవై ఐదు కిలోమీటర్లు అలా పాకింది. స్టీరింగ్ మీద గుద్దింది, తిట్టింది, చివరికి బతిమాలింది. ఆమె కొట్టంలో అడుగు పెట్టేసరికి పెయ్య కళ్లు తేలేసింది. లోపల దూడ కూడా పోయింది. నెస్టర్ ఆమెను తప్పుపట్టలేదు. "దారి బాలేదులే అమ్మాయ్, నీ తప్పేముంది," అన్నాడు. అతని భార్య యుస్టీనా కాఫీ ఇచ్చి, గసగసాల రొట్టె కోసిపెట్టింది. దారి శుభ్రంగా ఉంది. మంచు కూడా ముందురోజే తీసేశారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇంకొక్కసారి అలా జరిగితే ఆ ఊళ్లో తలెత్తుకు తిరగలేనని లరీసాకు ఖాయంగా అనిపించింది.

నగరంలో బండి కొన్న చోటికి కాళ్లరిగేలా తిరిగింది. మొదటిసారి ఏదో సెన్సరు మార్చారు. నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలు. రెండోసారి కంప్యూటర్ తగిలించి, బలవంతంగా ఫిల్టర్ కాల్పించారు. వారం కూడా రాలేదు. మూడోసారి వెళ్తే సర్వీసు కౌంటర్లో ఉన్న కుర్రాడు అదే చొక్కాతో, అదే నవ్వుతో, బండిలో ఏ లోపమూ లేదని, ఆమె చిన్న చిన్న దూరాలు నడపడమే లోపమని, వారానికి రెండుసార్లు హైవే మీద తిప్పి తీసుకురమ్మని సెలవిచ్చాడు.

"నా ఆవులు హైవే మీద ఈనవు బాబూ," అంది లరీసా. అతను ఆ మాట కూడా ఓపిగ్గా రాసుకున్నాడు.

అయినా తిప్పింది. ఆదివారాలు చర్చి నుంచి రాగానే ఏ పనీ లేకుండా తూర్పుగా నలభై కిలోమీటర్లు వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి, నలభై కిలోమీటర్లు వచ్చేది. కుక్కను షికారు తిప్పినట్టు ట్రక్కును తిప్పడం. విడాకులైన మనిషి ప్రతి ఆదివారం ఒకే దారిన పోయి గంటలో వచ్చేస్తుంటే ఊరు ఊరుకుంటుందా? పక్క ఊళ్లో ఆమెకెవరో దొరికారని, అయితే పాపం ఆ మనిషి గంటకు మించి భరించలేకపోతున్నాడని పుకారు పుట్టింది. ఆ పుకారును ఆమె చెవిన వేసింది పశువుల ఆసుపత్రిలో ఫోన్లు చూసే బెవ్. నవ్వాపుకోలేక కుర్చీ పట్టుకుని మరీ చెప్పింది. లరీసాకు మాత్రం నవ్వు రాలేదు. తల ప్రాణం తోకకొచ్చిన మనిషికి ఏ హాస్యమూ రుచించదు.

చివరికి బండిని ఫ్రీసెన్ షెడ్డుకు తోలింది. ఫ్రీసెన్ ఆమెతో బళ్లో చదువుకున్నవాడు. ఎక్కువగా ట్రాక్టర్లు బాగుచేస్తాడు. మాటలు పొదుపు. రెండు రోజులు బండిని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ రెండు రోజులూ లరీసా బెవ్ చిన్న కారులో, మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే, ఆవుల దగ్గరకు వెళ్లింది. అతను ఫిల్టర్‌కు ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సన్నని గొట్టాల్లో పగుళ్లున్నాయేమో చూశాడు. డీజిల్ చిమ్మే ముక్కులు కారుతున్నాయేమో చూశాడు. ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కుతోందా అని తనే ఎక్కి చుట్టూ తిప్పి చూశాడు. గాలి గొట్టాల బిగింపులు ఒక్కొక్కటీ చేత్తో తడిమాడు. అన్నీ బాగున్నాయి. ఆయిల్ కొలిచే కడ్డీ ఒక్కటే తేడాగా కనిపించింది. ఆయిల్ గీత దాటి పైకి వచ్చింది.

లరీసా వచ్చేసరికి ఆ కడ్డీని ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. డీజిల్ వాసన గుప్పుమంది. శుభ్రం మాటిమాటికీ సగంలో ఆగిపోతే, కాలడానికని పోసిన డీజిల్ కాలకుండా కిందికి జారి ఆయిల్లో కలుస్తుందని చెప్పాడు. ఇలాగే ఇంకో రెండు నెలలు నడిస్తే ఫిల్టర్ కాదు, ఇంజినే పోతుందన్నాడు. తర్వాత బండి తెరమీద ఏవో నొక్కి, ఒక అంకె చూపించాడు.

"ఇంజిన్ ఊరికే వేసి ఉంచుతావా?"

"ఉంచను."

"ఎప్పుడైనా?"

"ఉంచనన్నానా! మందులు గడ్డకట్టకుండా ఆ పెట్టెని ప్రతి కొట్టంలోకీ మోసుకెళ్తున్నా. నడుం పడిపోయింది. బండి వేసి ఉంచేదాన్నయితే నాకా మోత ఎందుకు?"

"ఈ నెలలో నీ ఇంజిన్ తొంభై రెండు గంటలు నడిచింది. అందులో యాభై ఏడు గంటలు చక్రం తిరగలేదు."

"నీ లెక్క తప్పు."

"నాది కాదు, నీ బండిది."

లరీసా ఒళ్లు మండిపోయింది. నగరంలో ఆ కుర్రాడైతే కనీసం నవ్వుతూ తప్పు ఆమె మీదికి తోశాడు. వీడు మొహం కూడా మార్చకుండా అబద్ధాలకోరని అంటున్నాడు. ఆమె అలా ఎగిరెగిరి పడుతుంటే ఫ్రీసెన్ చేతులు తుడుచుకుంటూ ఆగాడు. నిలబెట్టి నడిపితే ఇంజిన్ మసి పుట్టిస్తుంది కానీ ఆ మసిని కాల్చే వేడి పుట్టించదని, పైగా ఇంత చలిలో గంట నిలబడితే రోడ్డు మీద రోజంతా తిరిగినంత చెత్త చేరుతుందని చెప్పాడు. ఆ తర్వాత ఒక ప్రశ్న అడిగాడు.

"సరే. పని చేసుకుని కొట్టంలోంచి బయటికొస్తావు కదా. అప్పుడు బండి ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందేంటి, వెచ్చగా ఉంటుంది."

అనేసి, తను అన్న మాటే మళ్లీ విన్నట్టు బండి వైపు తిరిగింది.

పాత బండికి ఇలాంటి ఫిల్టరే లేదు. పదిహేనేళ్లుగా ఆ వెచ్చదనాన్ని ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ప్రాంతంలో వాకిట్లో ఆపిన బండికి తాళం దానికే ఉంటుంది. ఎవరి ట్రాక్టరుకు అడ్డం వచ్చినా వాళ్లే తీసి పక్కన పెట్టుకుంటారు. ఇంటికి వచ్చిన మనిషి చల్లబడిన బండి ఎక్కి వెళ్లడమంటే ఆ ఇంటికి చిన్నతనం. డాక్టరు చెయ్యి భుజం దాకా ఆవు కడుపులో ఉండగానే ఇంట్లోంచి ఎవరో ఒకరు వచ్చి బండి స్టార్ట్ చేసి, వేడిగాలి పెట్టి వెళ్తారు. గంటకో, రెండు గంటలకో ఆమె రక్తపు చేతులు కడుక్కుని వచ్చి వెచ్చటి సీట్లో కూర్చుంటుంది. తను ఇంజిన్ కట్టేసి దిగానన్నది నిజం. ఎక్కేటప్పుడు మళ్లీ తాళం తిప్పానా అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

మొదట నవ్వొచ్చింది. వెంటనే నెస్టర్ పెయ్య గుర్తొచ్చింది. ఆ రోజు, పెయ్య చచ్చిన రోజు కూడా, ఆమె తల వంచుకుని బయటికి వచ్చేసరికి బండి గుర్రుగుర్రుమంటూ వెచ్చగా ఉంది. అంతకుముందు వారంలో ఆ ఇంటికి మూడుసార్లు వెళ్లింది. మూడుసార్లూ వెచ్చగానే ఉంది. లరీసా షెడ్డులో బోల్తా పెట్టిన డబ్బా మీద కూర్చుండిపోయింది. ఆమెకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది, ఎవరి మీద కోప్పడాలో తెలియక ఇంకా కోపం వచ్చింది.

ఫ్రీసెన్ ఆయిల్ మార్చి, వాకిట్లోనే కంప్యూటర్ తగిలించి ఫిల్టర్‌ను పూర్తిగా కాల్పించి ఇచ్చాడు. శుభ్రం మొదలైతే పొలం చుట్టూ ప్రదక్షిణ చేసైనా సరే పూర్తిచేయమన్నాడు. నిలబెట్టి నడపనివ్వద్దన్నాడు. ఇక మీదట బాగుచేయాల్సింది బండిని కాదు కాబట్టి తన దగ్గరికి రావొద్దని కూడా అన్నాడు.

మరుసటి రోజు నుంచి లరీసా ప్రతి వాకిట్లోనూ దిగగానే చెప్పడం మొదలుపెట్టింది. బండి స్టార్ట్ చేయకండి, నాకు చలి అలవాటే, దయచేసి చేయకండి అని. బెవ్ చేత ఫోన్లు చేయించింది. అందరూ సరే సరే అన్నారు. అందరూ స్టార్ట్ చేశారు. పళ్లెంలో ఇంకో నాలుగు ఆలుగడ్డ కూరి ఉడికించిన పిరోహీలు వేస్తుంటే వద్దన్న అతిథి మాటను అక్కడ ఎవరు లెక్కపెడతారు? మర్యాద తెలిసిన మనిషి వద్దంటుంది, మర్యాద తెలిసిన ఇల్లు వేస్తుంది. చివరికి ఒకావిడ 'ఐదు నిమిషాలేనమ్మా' అని నలభై నిమిషాలు వేసి ఉంచింది. లరీసా నెత్తీ నోరూ బాదుకున్నా లాభం లేకపోయింది. ఎందుకు వద్దంటోందో విడమర్చి చెబితే బహుశా అర్థం చేసుకునేవాళ్లు. కానీ ఆ 'ఎందుకు' చివర్లో ఒక పెయ్య చచ్చిపడి ఉంది. మీ మంచితనమే దాన్ని చంపిందని ఎవరి మొహం మీద చెబుతుంది? నాలుగో రోజుకే ఫిల్టర్ దీపం మళ్లీ వెలిగింది.

మార్చి మొదటి సోమవారం నెస్టర్ వాకిట్లో బండి ఆపినప్పుడు ఆమె ఏమీ చెప్పలేదు. ఇంజిన్ కట్టేసి, తాళం తీసి, కోటు జేబులో వేసుకుని దిగింది. ఈసారి ఆవు పెద్దది, పని సులువుగానే అయింది. మధ్యలో నెస్టర్ ఒకసారి బయటికి వెళ్లి వచ్చాడు. వచ్చాక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దూడ లేచి నిలబడ్డాక, "మీ సామాన్లు చూసుకోండి డాక్టర్ గారూ," అన్నాడు. అలసటలో లరీసాకు ఆ గారూ చెవికెక్కలేదు. గడ్డకట్టిన సీట్లో వణుకుతూ కూర్చుని, హమ్మయ్య, ఒక్కరికైనా అర్థమైందనుకుంది.

అప్పటి నుంచి తాళం జేబులోనే. బండి కూడా దారికొచ్చింది. రెండు వందల కిలోమీటర్లకు, తర్వాత మూడు వందల యాభైకి, ఆ పైన ఐదు వందలకు ఒకసారి వెలిగింది దీపం. ఆయిల్ కడ్డీ మీద గీత కదల్లేదు. ఆదివారాల షికారు మానేసింది. నెలన్నరగా మెడకు చుట్టుకున్న పీడ వదిలిందని, ఒక సాయంత్రం తన వంటింట్లో ఒక్కతే కూర్చుని గ్లాసు నింపుకుంది.

ఫోన్లు తగ్గాయన్నది ఆమెకు వారం గడిచాక గాని పట్టలేదు. రోజుకు పదిహేను వచ్చేవి, ఆరుకు దిగాయి, తర్వాత నాలుగుకు. ఈ ఏడు ఆవులు సుఖంగా ఈనుతున్నట్టున్నాయని బెవ్‌తో అంది. బెవ్ కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, ఇక దాచలేక చెప్పేసింది. రైతులు నూట ఇరవై కిలోమీటర్ల అవతలి డాక్టరును పిలుస్తున్నారు. పిలవని వాళ్లు గొలుసులు కట్టి సొంతంగా లాగుతున్నారు.

"మనూళ్లో వాకిట్లో బండి ఆపి తాళం జేబులో వేసుకున్న వాళ్లు ఇద్దరే అంటున్నారు డాక్టరమ్మా. ఒకడు ట్రాక్టర్లు జప్తు చేయడానికి వచ్చినవాడు. రెండోది నువ్వు."

లరీసాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బండి చెడిపోయి ఆలస్యంగా వెళ్లినప్పుడు పిలిచారు. బండి బాగుపడి సమయానికి వెళ్తుంటే పిలవడం మానేశారు. ఎవరికి చెప్పుకోవాలి ఈ సంబడం? వెళ్లి కాళ్లు పట్టుకోనా అని బెవ్ మీద అరిచింది. బెవ్ ఏమీ అనుకోలేదు.

ఆ బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు యుస్టీనా ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. పొద్దుట్నుంచి ఒక ఆవు అవస్థ పడిందని, నెస్టర్ తనే గొలుసు కట్టి దూడను లాగాడని, దూడ బతికింది కానీ వెనకాలే ఆవు గర్భసంచి మొత్తం బయటికి జారిపోయిందని చెప్పింది. "ఆయన వద్దన్నాడు. నువ్వు రా," అని పెట్టేసింది.

బండి ఆ రోజు బాణంలా వెళ్లింది. ఒక్క దీపం వెలగలేదు, ఒక్కసారి దగ్గలేదు. అది అంత బాగా నడుస్తుంటే లరీసాకు దాన్ని తన్నాలనిపించింది. వాకిట్లో ఆపి, ఇంజిన్ కట్టేసి, తాళం వంక ఒక క్షణం చూసింది. దాన్ని అలాగే వదిలేసి దిగింది.

కొట్టంలో ఆవు మోకాళ్ల మీద ఉంది. దాని వెనక, గడ్డి మీద పరిచిన దుప్పటిలో, గర్భసంచి ఎర్రగా ఉబ్బి ఆవిర్లు కక్కుతోంది. నెస్టర్ చేతులు మోచేతుల దాకా రక్తం. తలెత్తి చూశాడు.

"బండి బాగుందా డాక్టర్ గారూ?"

"బాగుంది."

"సంతోషం."

ఇంతకంటే చెంప పగలగొట్టినా ఆమెకు తేలిగ్గా ఉండేది. మాట్లాడే సమయం లేదు. నడుం దగ్గర మత్తు సూది వేసింది. గోరువెచ్చటి నీళ్లతో గర్భసంచిని కడిగింది. వాపు తగ్గడానికి దాని మీద చల్లాలని చక్కెర అడిగితే యుస్టీనా వంటింట్లోంచి డబ్బా మొత్తం తెచ్చింది. తర్వాత దుప్పటి రెండు అంచులూ వాళ్లిద్దరూ పట్టుకుని ఎత్తాలి. లరీసా మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, పిడికిలితో కొంచెం కొంచెంగా లోపలికి తొయ్యాలి. ముగ్గురి తలలూ దాదాపు తగులుకునేంత దగ్గరగా ఉన్నాయి. అలా ఉండగా నెస్టర్ నోరు విప్పాడు.

"ఆ పెయ్య చచ్చినప్పుడు నేను ఎవరికైనా చెప్పానా?"

"లేదు వుయ్కో."

"మీ బండి మొరాయించిందని నాకు ఆ రోజే తెలుసు. ఎవరడిగినా దారి బాలేదన్నాను. మీ నాన్న మొహం చూసి అన్నాను. మీరేమో నా వాకిట్లో తాళం తీసి జేబులో వేసుకున్నారు. మేం ఏం ఎత్తుకుపోతామని?"

లరీసా తొయ్యడం ఆపలేదు. చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకునే చెయ్యి లేదు. ఇన్నాళ్లూ నాలుక మీదికి వచ్చి మింగేసిన మాట ఇక మింగుడుపడలేదు.

"ఆ పెయ్య చచ్చింది మీరు నా బండి వెచ్చబెట్టినందుకే వుయ్కో."

ఇద్దరూ దుప్పటి మీద పట్టు వదల్లేదు. లరీసా పని చేసుకుంటూనే, తలెత్తకుండా, మొత్తం చెప్పింది. నిలబడి నడిచే ఇంజిన్‌లోంచి మసి వస్తుందని, అది గొట్టంలో పేరుకుంటుందని, పేరుకున్నాక బండి పరుగెత్తదని. ఆ వారం ఈ వాకిట్లోనే ఐదారు గంటలు నడిచిందని. ఇక్కడే కాదు, తను వెళ్లిన ప్రతి వాకిట్లోనూ అంతేనని. తప్పు మొదట తనదేనని, వెచ్చగా ఉంటే ఎందుకుందని అడక్కుండా పదిహేనేళ్లు ఎక్కి కూర్చుందని. తాళం తీసింది దొంగలని కాదని, నిజం చెప్పే ధైర్యం లేకనని.

యుస్టీనా దుప్పటి అంచును ఇంకాస్త పైకి ఎత్తింది. "ఆయన కాదు. ప్రతిసారీ వేసింది నేనే. ఆ రోజు కూడా నేనే."

"నాకు తెలుసు అత్తా. ఏడుస్తూ బయటికొస్తే వెచ్చగా ఉంది. ఇరవై నిమిషాలు ఆ వేడిలో కూర్చునే ఏడ్చాను."

గర్భసంచి జారి ఒక్కసారిగా లోపలికి వెళ్లిపోయింది. ఆవు పెద్దగా నిట్టూర్చింది. లరీసా చెయ్యి భుజం దాకా లోపలికి పెట్టి మడతలు సరిచేసి, బయటికి తీసి, సూది అందుకుంది. కుట్లు వేస్తున్నప్పుడు తల తిప్పి చూస్తే నెస్టర్ అక్కడ లేడు. దుప్పటి అంచు మడిచి గడ్డి మీద పెట్టి ఎప్పుడో వెళ్లిపోయాడు. యుస్టీనా దూడను గోనెపట్టాతో రుద్దుతూ, ముక్కు ఎగబీలుస్తూ, ఆమె వైపు చూడకుండా కూర్చుంది.

మొత్తం గంటన్నర పట్టింది. కుట్లు అయ్యాక ఆవు రెండు ప్రయత్నాల్లో లేచి నిలబడింది. బతుకుతుందని, రెండు రోజులు కనిపెట్టి చూడమని, ఈ మందు పొద్దునా సాయంత్రం వెయ్యమని యుస్టీనాకు చెప్పింది. ఆవిడ తల ఊపింది. కాఫీ తాగి వెళ్లమనలేదు. మర్చిపోయిందో, మనసు రాలేదో తెలియలేదు. లరీసా మందుల పెట్టె ఎత్తుకుని ఒక్కతే బయటికి నడిచింది.

బయట సున్నాకు ఇరవై ఎనిమిది డిగ్రీలు కింద. ఎండ ఉంది కానీ అది చూడ్డానికే. బండి చప్పుడు లేకుండా నిలబడి ఉంది. తాళం పెట్టిన చోటే పెట్టినట్టుంది. ఎవరూ తిప్పలేదు. ఆమె కోరుకున్నదీ అదే. ప్రతి వాకిట్లోనూ నెత్తీ నోరూ బాదుకున్నదీ అందుకే. తలుపు తీసి రాయిలాంటి సీటు మీద కూర్చుంటే మాత్రం గుండెలో ఏదో తెగినట్టయింది. ఈ ఇంటికి ఇక తను పరాయిదేనని అర్థమైంది. కన్నీళ్లు తుడుచుకుని తాళం తిప్పింది. ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంది. అంత చలిలో అది అలా అందుకోకూడదు. కానీ ఆమెకు అది ఆలోచించే స్థితి లేదు. వెంటనే గేరు వేసి, వాకిట్లోంచి గేటు వైపు జోరుగా పోనిచ్చింది.

బండి ముందు భాగంలో ఏదో బిగుసుకున్నట్టయి, ఫట్‌మని పెద్ద చప్పుడయింది. లరీసా బ్రేకు తొక్కింది. దిగి చూసింది. బండి ముక్కులోంచి, ఇంజిన్‌ను కరెంటుతో వెచ్చబెట్టే ప్లగ్గు నుంచి, రెండు గజాల నారింజ రంగు వైరు మంచులోకి వేలాడుతోంది. మిగతా వైరు కొట్టం గోడ దగ్గర్నుంచి మొదలై, ట్రాక్టరు చక్రం పక్కనుంచి వాకిలంతా పాములా మెలికలు తిరిగి పడి ఉంది. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా వెచ్చబెట్టే దారి ఆ వాకిట్లో అదొక్కటే.

ట్రాక్టరు షెడ్డులోంచి నెస్టర్ వచ్చాడు. ఆమె వైపు చూడలేదు. వంగి తెగిన కొస అందుకుని, బయటపడిన రాగి తీగల్ని బొటనవేలితో తడిమి, రెండో కొసతో కలిపి చూశాడు. అతుక్కునేలా లేదు.

"చూసుకోలేదు వుయ్కో," అంది లరీసా.

"అది కనిపిస్తూనే ఉంది." తెగిన వైరును మోచేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. రెండు చుట్లు చుట్టాక అన్నాడు. "ఆదివారం ఇంకో రెండు ఈనేట్టున్నాయి. వచ్చేటప్పుడు కొత్త వైరు తీసుకురా. ఇంకాస్త పొడుగుది."